ఎవరిదీ కాని బంతి

బంతి అవతలి కొసన ఉంది, ఉండనీ, ఆట అయిపోయేదాకా అక్కడే ఉంటే పీడా పోతుంది అనుకుంటూ అతను ఒక గోల్‌పోస్టు దగ్గర్నుంచి రెండో పోస్టు దాకా నడిచాడు, బూటు కొనతో దాన్ని తట్టాడు, మళ్ళీ వెనక్కి నడిచాడు. రెండో సగం మొదలై ఎంతసేపయిందో స్కోరుబోర్డు చూస్తే తెలుస్తుంది, కానీ చూడకూడదు, చూస్తే కాలం మొండికేస్తుంది, విమానంలోనూ అంతే, ఇంధనం ముల్లును మాటిమాటికీ చూసేవాడికి అది మరింత తొందరగా దిగిపోతున్నట్టు ఉంటుంది. చెరో గోలు. ఇలాగే ముగిస్తే చాలు, క్లబ్బు ఈ డివిజన్‌లో బతికి బట్టకడుతుంది. ఓడితే కిందికి జారుతుంది, జారితే సగం మంది ఆటగాళ్ళు ఇంటికి, కోచ్ ఇంటికి, జట్టు బట్టలుతికే ఆవిడ కూడా ఇంటికే, ఆవిడ పొద్దున అతని గ్లవ్స్ చేతికిస్తూ ‘ఈ ఒక్కరోజు కాపాడు నాయనా, నీకు పుణ్యముంటుంది’ అని ఊరికే అనలేదు. తన వెనకున్న ఈ వలలో ఇంకొక్క బంతి పడకూడదు, అంతే, చిన్నపిల్లలకైనా అర్థమయ్యే సంగతి. వల వెనక స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ళు మాత్రం రెండు చేతులూ రెక్కల్లా చాపి ఊగుతూ, ‘పైలట్! ఓ పైలట్! టవర్‌ని అడిగావా?’ అని అరుస్తున్నారు. వాళ్ళు సొంత జట్టు అభిమానులే మరి, అవతలి జట్టువాళ్ళు ఇంతకంటే మర్యాదగా ఉన్నారు.

టవర్‌ని అడిగావా అనేది పోయిన వారం నుంచి అంటుకున్న మాట. ఆ బంతి ఎడమవైపు నుంచి వచ్చింది, ఎత్తుగా, బద్ధకంగా, గాల్లోనే ఒక కునుకు తీసి వస్తున్నట్టు వచ్చింది, చేతులు చాపితే చాలు. ‘నాదీ!’ అని అరిచాడు, గేటు బయట టిక్కెట్లు చింపేవాడికి కూడా వినపడి ఉంటుంది ఆ అరుపు, అరిచి గీత వదిలి రెండంగలు వేశాడు, వేసి ఆగాడు. అన్న జవాబు కోసం ఆగాడు. అన్నంటే కెప్టెన్, గోలుకి ముందు గోడలా నిలబడే మనిషి, కోచ్ కూడా అన్నా అనే పిలిచేంత పాతకాపు. ఇతను వస్తున్నది కంటి కొసతో చూసి అన్న బంతిని వదిలేశాడు, అన్న నోటి నుంచి మాట రాలేదని ఇతను నిలబడిపోయాడు, ఇద్దరి నడుమ బంతి నింపాదిగా నేల మీద పడి ఒకసారి పైకి లేచింది. ఎవరిదీ కాని బంతి. అవతలి స్ట్రైకర్ పరిగెత్తుకొచ్చి కాలితో అలా ఓ మూలకి నెట్టాడు, తలుపు చేరవేసినంత సులువుగా. డ్రెస్సింగ్ రూములో అన్న షూలేసులు విప్పుకుంటూ, ‘నోట్లో ఏం పెట్టుకున్నావురా?’ అన్నాడు. ‘అరిచానన్నా.’ ‘నాకేం వినపడలేదు.’ అందరూ గొల్లున నవ్వారు, స్టేడియం అంతా విన్నదాన్ని వినపడలేదంటే అది వెటకారం కాక మరేమిటి? ల్యాండింగ్‌కి పర్మిషన్ రాలేదేమోలే అన్నా, అని మూల నుంచి ఎవడో అందుకున్నాడు. మర్నాడు ప్రాక్టీసులో సిగ్గు విడిచి అడిగాడు కూడా, నేను నాది అనగానే నువ్వు నీది అను అన్నా, ఒక్క మాట చాలు నాకు అని. ‘నేను బంతిని చూసుకోవాలా, నీతో కబుర్లాడాలా?’ అనేసి వెళ్ళిపోయాడు అన్న, వారమంతా మళ్ళీ పలకరిస్తే ఒట్టు. ఇక ఇవాళ ఇతను గ్లవ్స్ వేసుకుంటుంటే కోచ్ పక్కన కూర్చుని నెమ్మదిగా, తిట్టినా బాగుండేది, నెమ్మదిగానే అన్నాడు, ‘ఇక్కడ ఎవరూ నీకు బదులు చెప్పరు. కేకెయ్, వెళ్ళు. ఇంకోసారి మధ్యలో ఆగావనుకో, నీ గ్లవ్స్ నేనే విప్పుతా, మళ్ళీ వేసుకోనివ్వను.’

ఎందుకు చెప్పరు? అక్కడ, అతను పైలట్‌గా ఉన్న రోజుల్లో, చెప్పేవాళ్ళు. ముందొకరు వెనకొకరు కూర్చునే ఆ రెండు సీట్ల విమానంలో, ఒకరి మొహం ఒకరికి కనబడని ఆ ఇరుకు గూట్లో, చెప్పకుండా ఎవరూ ఏదీ వదిలేవాళ్ళు కాదు. కంట్రోల్ మీది అని ఇచ్చేవాడు అనాలి, కంట్రోల్ నాది అని పుచ్చుకునేవాడు అనాలి, మీదే అని ఇచ్చేవాడు ఇంకోసారి అని అప్పుడు చెయ్యి తియ్యాలి. ఇంటర్‌కమ్ చచ్చి మాట వినపడకపోతే విమానాన్ని నడిపే స్టిక్ పట్టుకుని అటూ ఇటూ ఊపాలి, రెండు సీట్ల స్టిక్కులూ ఒకదానికొకటి ముడిపడే ఉంటాయి కాబట్టి ఆ ఊపు రెండోవాడి అరచేతికి తెలుస్తుంది, నాది అని దాని అర్థం. మొదటిసారి విన్నప్పుడు అతనికి అదేం కొత్తగా అనిపించలేదు, అమ్మమ్మ దగ్గర ఎప్పుడో నేర్చుకున్నదే. అమ్మమ్మ కథ చెబితే ఊఁ కొట్టాలి, ఊఁ అనడం మానేస్తే రాజకుమారుడు ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోయేవాడు, ఒకసారైతే పాపం బావిలో సగం దిగి తాడు పట్టుకుని వేలాడుతూ మర్నాటి దాకా ఉండిపోయాడు. ‘ఊఁ కొట్టేవాడు లేకపోతే ఎవడికి చెబుతున్నట్టురా, గోడకా?’ అనేది. నిద్రలోకి జారుతూ కూడా ఊఁ అనేవాడు, ఊఁ అన్నంతసేపూ ఆవిడ చెయ్యి నుదుటి మీదే ఉండేది. ఇప్పుడు తన ఇంట్లోనూ అదే తంతు, భార్య స్నానానికి వెళుతూ ‘పొయ్యి మీద పాలు మీవి’ అంటుంది, ‘పాలు నావి’ అని అతను అనేదాకా గుమ్మం కదలదు, పెళ్ళైన కొత్తలో పడీపడీ నవ్వేది, ఇప్పుడు అతనికంటే ఆవిడకే పట్టింపు ఎక్కువ. పాప పుట్టిన కొత్తలో దాన్ని ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి మార్చుకుంటూ, పిల్ల నీది, పిల్ల నాది, నీదే అని ఇద్దరూ అనుకుంటుంటే విని అత్తగారు హడలిపోయింది, కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్ళి ‘ఏమే, అప్పుడే పిల్లని పంచుకునేదాకా వచ్చిందా మీ కాపురం?’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నవ్వొచ్చింది, నవ్వకూడదు, కెమెరాలుంటాయి, వస్తోంది, బంతి వస్తోంది, కుడివైపు గీత పక్క నుంచి ఒకడు తోసుకొస్తున్నాడు, కొట్టాడు, లేచింది, గాలి దాన్ని కొంచెం లోపలికి తెస్తోంది, వెళ్ళాలా వద్దా, వెళ్ళాలి, ‘నాదీ!’ అన్నాడు, అంటూనే పాదాలు మళ్ళీ పాత పాటే ఎత్తుకోబోయాయి, కానీ కుడివైపు తిరిగి ఉన్న అన్న కేక వినగానే చటుక్కున తల దించి వీపు వంచాడు. మాట లేదు గానీ వంగిన వీపు ఉంది, అది చాలింది. వీపు మీదుగా ఎగిరి బంతిని రెండు చేతులతో గుండెకు అదుముకుని కింద పడ్డాడు. పడ్డాక కాసేపు లేవలేదు, మెడ పక్క ఎముక ఎప్పటిలాగే చివుక్కుమంది, గడ్డి వాసన, తడిసిన మట్టి వాసన, ఆ రోజు కూడా రన్‌వే పక్క ఇదే వాసన, ఇదే ఎముక. స్టాండ్స్‌లో ‘పర్మిషన్ వచ్చిందిరోయ్!’ అని ఒకటే గోల. బంతిని దూరంగా విసిరేసి మళ్ళీ పోస్టుల మధ్యకు వచ్చాడు.

పెద్దసారు వెనక సీట్లో ఉన్నాడు ఆ రోజు. శిక్షణ ఇచ్చే పైలట్లందరిలోకీ పెద్ద, గొంతు తక్కువ, చూపు ఎక్కువ, మెస్సులో ఎడమ చెయ్యి గోడకు ఆనేలా చివరి కుర్చీలో కూర్చునేవాడు, అది సారు కుర్చీ అని ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వేశాక ఒక్క క్షణం ఆగి నవ్వేవాడు, ఆ ఆలస్యాన్ని పెద్దరికం అనుకునేవాళ్ళు. ముందురోజు సాయంత్రం ఇతను ఆయనతో చెప్పాడు, క్లబ్బువాళ్ళు ఆటకు రమ్మంటున్నారు సర్, వెళ్ళాలనుంది అని. ‘ఎగరడం వచ్చినవాడికి బంతి వెనక పరుగెందుకు?’ అని ఆయన మొహం తిప్పుకున్నాడు, పొద్దున విమానం ఎక్కేటప్పుడు కూడా ముక్తసరిగానే ఉన్నాడు. అడ్డగాలి ఉంది, దించడం నేను తీసుకుంటా, సమయం వచ్చినప్పుడు ఇవ్వు, అన్నాడు ఇంటర్‌కమ్‌లో. రన్‌వే దగ్గరవుతోంది, టవర్ ఏదో మాట్లాడుతోంది, ‘కంట్రోల్ మీది సర్’ అన్నాడు. జవాబు లేదు. కోపమింకా తగ్గలేదు కాబోలు అనుకున్నాడు, విమానం నిలకడగానే ఉంది, స్టిక్ కదలకుండా ఉంది, తీసుకునే ఉంటాడులే అనుకున్నాడు, ఆ లే అనే చిన్న అక్షరమే కొంప ముంచింది, చెయ్యి తీశాడు. ఆయనేమో ఇతనింకా ఇవ్వలేదని చూస్తున్నాడు. రెప్పపాటు కాలం ఆ విమానం ఎవరిదీ కాదు, గాలి ఒక్క తోపు తోసింది, ఎడమ చక్రం ముందు తగిలింది, తర్వాతిదంతా గడ్డి, మట్టి, పొగ. ఇతనికి మెడ పక్క ఎముక విరిగింది. ఆయనకు వెన్ను.

విచారణలో ఎవరినీ తప్పుపట్టలేదు, సమాచార లోపం అన్నారు, ఆ మాటలో ఎంత సుఖంగా ఇమిడిపోయారో అందరూ. ఎముక అతుక్కుంది, ఎగరొచ్చన్నారు, కానీ స్టిక్ మీద చెయ్యి వేస్తే తియ్యడం రాలేదు, వేళ్ళు విప్పి తీయించాల్సి వచ్చేది, అందుకని బంతి వెనకే వచ్చేశాడు. ఏడాదికోసారి సారు ఇంటికి వెళతాడు. రెండో అంతస్తు, కింద బస్సులు తిరిగే రోడ్డు, కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఆయన, కుడిపక్క రేడియో బల్ల, ఎడమపక్క మంచానికీ ఆయనకీ మధ్య ఇరుకులో వచ్చినవాళ్ళ కోసం ఒక కుర్చీ. అందులో కూర్చుని, తల వంచుకుని, ‘ఆ రోజు నేను మీ జవాబు కోసం ఆగలేదు సర్, క్షమించండి’ అంటాడు. ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తుంటాడు. ఒక్క మాట అనడు. కాసేపటికి ఆయన భార్య టీ తెచ్చి, చక్రాల కుర్చీ చుట్టూ అటు తిరిగి వెళ్ళి, చెవి దగ్గర వంగి టీ అని చెబుతుంది, అప్పుడాయన ఇటు తిరిగి, ఏమీ జరగనట్టు, ‘మోకాళ్ళు ఎలా ఉన్నాయోయ్?’ అంటాడు. వెళ్ళిన ప్రతిసారీ అదే మాట, అదే కిటికీ. మెట్లు దిగుతూ ప్రతిసారీ ఏడుస్తాడు. తిట్టినా, పొమ్మన్నా ఇంటికెళ్ళి నిద్రపోయేవాడు. మనిషి అంత మెత్తగా కూర్చుని అంత కఠినంగా ఎలా ఉండగలడు?

‘అన్నా! వెనక్కి రా! అన్నా!’ కోచ్ గీత అంచున నిలబడి గొంతు చించుకుంటున్నాడు, రెండు చేతులూ మెలికలు తిప్పుతున్నాడు, అన్న తిరగలేదు. చూడు ఎంత పొగరో. బెంచీ ఎడమవైపే ఉంది, పట్టుమని పది అంగల దూరం లేదు, అయినా పెడచెవిన పెట్టాడు. మొదటి సగంలో అలా లేడే, కోచ్ కిక్కురుమన్నా చెయ్యెత్తి సరేనన్నాడు, అప్పుడు గోలు అటువైపు కదా, అప్పుడు బెంచీ కుడివైపు ఉండేది. కుడివైపు. ఇందాకటి బంతి కుడి నుంచి వచ్చింది, అన్న అటు తిరిగాడు, అటు తిరిగితే కుడి చెవి గోలు వైపు ఉంటుంది, వంగాడు. పోయిన వారం ఎడమ నుంచి వచ్చింది, ఎడమకు తిరిగాడు, అప్పుడు తనవైపు ఉన్నది ఎడమ చెవి. నాకేం వినపడలేదు. ఆ మాట వెటకారం కాదేమో, ఉన్నమాటేనేమో? కిందటి సీజన్‌లో మోచెయ్యి తగిలి ఎడమ చెవిలోంచి రక్తం కారింది అన్నకి, దూది పెట్టుకుని వచ్చే వారమే ఆడాడు, డాక్టరు అడిగితే బ్రహ్మాండంగా ఉంది అన్నాడు. బస్సులో ఎప్పుడూ ఎడమ వరస కిటికీ సీటే, చెవి అద్దానికి ఆనించి కూర్చుంటాడు, కలిసొచ్చిన సీటని ఎవరూ జోలికి పోరు, అది అన్న సీటు. సారు కుర్చీలాగా.

సారు కూడా ఇంతేనా? గోడకు ఆనిన ఆ ఎడమవైపు, అందరికంటే వెనక వచ్చే ఆ నవ్వు. పాత విమానం అది, హెల్మెట్‌లో ఎడమ చెవికి ఇంటర్‌కమ్, కుడి చెవికి టవర్. డాక్టరు ముందు కూర్చున్న పైలట్ కంటే ఆరోగ్యవంతుడు లోకంలో ఉండడు, జ్వరం దాస్తారు, పంటినొప్పి దాస్తారు, ఎగరనివ్వకుండా నేల మీద కూర్చోబెడతారన్న భయంతో ఏదైనా దాస్తారు. చెవుల పరీక్ష గదిలో అద్దం ఉంటుందనీ, అందులో డాక్టరు చెయ్యి కదలడం చూసి శబ్దం విన్నట్టే మనం బటన్ నొక్కెయ్యొచ్చనీ జూనియర్లకు కన్నుకొట్టి నేర్పింది ఎవరు? పెద్దసారే. అందరూ పగలబడి నవ్వారు ఆ రోజు, ఆయన ఒక్క క్షణం తర్వాత నవ్వాడు. అంటే ఆ రోజు ఆయన అలిగి ఊరుకోలేదు, ఆయన ఎడమ చెవికి అసలు వినపడనే లేదు. కంట్రోల్ మీది అన్నదీ వినపడలేదు, ఆ తర్వాత ఇన్నేళ్ళుగా మంచం పక్క ఇరుకులో కూర్చుని, ఎడమ చెవిలో, బస్సుల రొదలో, తల వంచుకుని గొణిగిన ఆ మాట కూడా. కోపం ముంచుకొచ్చింది, ఎందుకు దాచావయ్యా అని ఆయన్ని భుజాలు పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది, ఆ వెంటే ఆ చేతుల్లోనే తల పెట్టి ఏడవాలనిపించింది. అయినా నువ్వు చెయ్యి తీశావు, జవాబు రాకుండా తీశావు, ఆ సంగతి ఎవరి చెవితోనూ పోదు...

బంతి! ఎక్కడి నుంచి వచ్చాడో వాడు, అన్న పక్క నుంచే జారిపోయాడు, కొట్టేశాడు, కింద మూలకి, ఒళ్ళు ఆలోచన కంటే ముందే పడింది, వేళ్ళ కొసలకు తగిలి పోస్టు పక్క నుంచి బయటికి పోయింది. కార్నర్. ఎడమవైపు మూల నుంచి వాళ్ళు కొట్టాలి. స్టేడియం ఊపిరి బిగబట్టింది, వెనకవాళ్ళు కూడా రెక్కలు ముడిచారు, ఇదే ఆఖరిది, ఇది గట్టెక్కితే విజిలే అని రెఫరీ గడియారం చూసే తీరులోనే తెలుస్తోంది. అవతలి జట్టు ఎర్ర చొక్కాలన్నీ గోలు ముందున్న బాక్సులోకి వచ్చి చేరాయి. ఎడమవైపు తిరిగి, పనిచెయ్యని చెవిని గోలు వైపు పెట్టి నిలబడ్డాడు అన్న. అరిస్తే ఏం లాభం, టవర్ కూలేలా అరిచినా ఆ చెవికి చేరదు. అతను కదిలాడు, అన్న చుట్టూ తిరిగి అటుపక్కకి వెళ్ళాడు, సారు భార్య టీ కప్పుతో తిరిగినట్టే తిరిగి, కుడి చెవిలో నోరు పెట్టాడు.

‘నీ వెనకే ఉంటానన్నా. నీ చొక్కా పట్టుకుని ఊపితే బంతి నాది. ఊపకపోతే నీది.’

అన్న తల తిప్పాడు. జేబులో దాచుకున్నది జనం మధ్యలో జారి కింద పడ్డవాడి చూపు చూశాడు, భయం, సిగ్గు, నీకెలా తెలిసిందిరా అన్న కోపం, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి ఆ మొహంలోకి, చెమట ముక్కు మీంచి కారుతోంది, రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఇంకేం సమయం లేదు.

‘ఊఁ’ అన్నాడు అన్న.

బంతి లేచింది. వెలుతురులోకి వెళ్ళి కనబడకుండా పోయి మళ్ళీ కనబడింది, గాలి దాన్ని లోపలికి తెస్తోంది, అడ్డగాలి, అందరి తలలూ ఒకేసారి లేచాయి, అన్న మోకాళ్ళు వంచి ఎగరబోతున్నాడు, ఇదే, ఇదే ఆ క్షణం, గుప్పిట నిండా చొక్కా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు, బలంగా, స్టిక్ ఊపినట్టు ఊపాడు. అన్న అక్కడికక్కడే కుదించుకుపోయి పక్కకి ఒరిగాడు, దారి తెరుచుకుంది, అతను ఆగలేదు, ఎవరివో మోకాళ్ళు, ఎవరిదో మోచెయ్యి, గాల్లో రెండు చేతుల మధ్యకి బంతి వచ్చి చేరింది. ‘నాది’ అన్నాడు, అరవలేదు, మామూలుగానే, అమ్మమ్మకు వినపడేంత మాత్రంగా అన్నాడు, దాన్ని పొట్టకింద పెట్టుకుని గడ్డిలో పడి కళ్ళు మూసుకున్నాడు.

విజిల్ మోగింది. అన్న ఇంకా రెండడుగులు పరిగెత్తి, అందరి చేతులూ పైకి లేవడం చూసి అప్పుడు ఆగాడు. కోచ్ ఎవరినో ముద్దు పెట్టుకుంటున్నాడు, బట్టలుతికే ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది, వెనక స్టాండ్స్‌లో రెక్కలు మళ్ళీ లేచాయి, ఈసారి అభిమానంగానే ఊగుతున్నాయి కాబోలు, ఎవరికి కావాలి. అన్న వచ్చి అతన్ని చెయ్యి పట్టి లేపాడు, లేపి, తనంతట తనే కుడి చెవి ఇతని వైపు తిప్పి నిలబడ్డాడు.

‘నీకెవరు చెప్పార్రా?’

‘మా సారు.’

‘ఎప్పుడు?’

‘ఇప్పుడే’ అన్నాడు. అని, ‘డాక్టరుకి నువ్వే చెప్పన్నా, నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను’ అన్నాడు. అన్న బదులివ్వలేదు. వినపడలేదనుకోవడానికి వీల్లేదు, మంచి చెవిలోనే చెప్పాడు, వినపడిన మనిషి మౌనం ఎలా ఉంటుందో మొదటిసారి ఇంత దగ్గరగా చూశాడు, అది కిటికీలోంచి రోడ్డు చూడదు, నేల చూస్తుంది. చూడనీ, రేపు మళ్ళీ అడుగుతాను, అనుకుంటూ గ్లవ్స్ తనే విప్పుకుని డ్రెస్సింగ్ రూము మెట్ల వైపు నడిచాడు. ఏడాది తిరిగేదాకా ఆగక్కర్లేదు, రేపే వెళ్ళాలి. రెండో అంతస్తు, కిటికీ, చక్రాల కుర్చీ. రేడియో బల్ల పక్కకి జరపాలి, ఆయన విసుక్కుంటాడు, విసుక్కోనీ. మంచం పక్క ఇరుకులోంచి కుర్చీ లాగి కుడివైపు వేసుకోవాలి, వేసుకుని, తల ఎత్తి, ఆ మాట మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. చెప్పి, ఆయన జవాబు కోసం ఆగాలి. అక్కడ ఎంతసేపు ఆగినా, ఎందుకు ఆగావని ఎవరూ అనరు.